ఆగ్నేయం మూలలో మనీప్లాంటు

మొక్కను ఇంట్లో పెట్టుకుంటారనే సంగతి నాకు ఏలూరు వచ్చేదాకా తెలియదు. మాది కొల్లేటి ఒడ్డున లంక ఊరు. అక్కడ ఇంట్లో ధాన్యం ఉంటుంది, మంచం ఉంటుంది, మనిషి ఉంటాడు. మొక్క బయట ఉంటుంది. మా ఇంట్లోకి గుమ్మంలోంచి వచ్చిందే వెలుతురు, దానితో మేమే సరిపెట్టుకోవాలి, ఇక మొక్కకేం పంచుతాం? గుమ్మం దాటామంటే మాత్రం కళ్ళు చిట్లించుకోవలసిందే. పైన ఆకాశం, కింద నీళ్ళు, రెండు వైపుల నుంచీ మొహాన కొట్టేది. ఇంటి వెనక బచ్చలి తీగ, ఆనప పాదు, గట్టు మీద నాలుగు బెండ మొక్కలు ఉండేవి. వాటికి వెలుతురు ఎంత కావాలని ఎవరైనా అడిగితే పిచ్చివాళ్ళన్నట్టు చూసేవాళ్ళం.

మా ఆయన పోయాక కొన్నేళ్ళు నేను అక్కడే ఉన్నాను. ఉంగుటూరు వైపు ఊడ్పులకు వెళ్ళేదాన్ని, కోతలకు వెళ్ళేదాన్ని. అబ్బాయి ఏలూరులో పంపుసెట్లు అమ్మే షాపులో కుదిరాడు. పెళ్ళయింది. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయ్యాక వట్లూరు వైపు కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ తీసుకున్నాడు. "ఇక చాల్లే అమ్మా, వచ్చెయ్" అని నన్ను కూడా తెచ్చుకున్నాడు.

ఫ్లాట్ అంటే ఏమో అనుకున్నాను. పక్క బిల్డింగు గోడ చెయ్యి చాపితే అందుతుంది. హాల్లో పగటిపూట ట్యూబ్‌లైట్ వేసుకోవాలి. కరెంటు పోతే ఎదురుగా కూర్చున్న మనిషికి మొహం ఎటుందో చూసుకుని మాట్లాడాలి. నాకు ఇచ్చిన గది అన్నిటికన్నా చిన్నది. నా మంచం, బియ్యం డబ్బా, చుట్టిపెట్టిన పరుపులు, పాత ఫ్యాను అన్నీ అందులోనే. కానీ దానికి తూర్పున కిటికీ ఉంది. కిటికీ అవతల ఇంకా ఎవరూ కట్టని ఖాళీ స్థలం. వంటింట్లో కూర్చుంటే రాయేదో బియ్యపుగింజేదో తెలిసేది కాదు, అందుకని చేట పట్టుకుని వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చుని బియ్యం ఏరుకునేదాన్ని.

గృహప్రవేశానికి మా వియ్యపురాలు, అంటే కోడలి తల్లి, తాడేపల్లిగూడెం నుంచి వచ్చింది. చేతిలో ఒక ఉల్లిపాయల సంచి, ఒక మనీప్లాంటు కుండీ. కుండీని పసిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకుని పాసింజరులో వచ్చిందట.

"మా గూడెంలో డాక్టరుగారి ఆస్పత్రి మెట్ల దగ్గర తుంచానండీ వదినగారూ" అంది నా చెవిలో. "కాంపౌండరు చూశాడు కూడానండీ. చూసీ చూడనట్టు ఊరుకున్నాడు."

"అడిగితే ఇవ్వరేంటండీ?"

"అయ్యో, అడిగి తెచ్చుకుంటే ఏం కలిసొస్తుందండీ? మనీప్లాంటు ఎవరూ చూడకుండా తెచ్చుకోవాలి."

కాంపౌండరు చూశాడు కదా అని నోటిదాకా వచ్చింది. శుభమా అని వచ్చిన మనిషితో ఎందుకని ఊరుకున్నాను.

ఆవిడ ఎవరో సిద్ధాంతిని కూడా అడిగి వచ్చింది. మనీప్లాంటు ఆగ్నేయం మూలలో పెట్టాలట. మా హాల్లో ఆగ్నేయం మూల ఎక్కడో తెలుసా? వీధి తలుపు వెనక. తలుపు తీస్తే ఆ మూల తలుపు వెనక్కి పోతుంది. మూస్తే చెప్పుల స్టాండు పక్కన కనపడుతుంది. ఆ ఇల్లు మొత్తం మీద అంతకన్నా చీకటి చోటు బాత్రూం అటక ఒక్కటే. సరిగ్గా అక్కడ స్టూలు వేసి, దాని మీద కుండీ పెట్టి, కుంకుమ బొట్టు పెట్టారు.

దానికి తోడు కోడలు ఇంకో రెండు కొంది. కడియం నుంచి మొక్కలు తెచ్చి బండి మీద తోసుకుంటూ అమ్ముతాడే, అతని దగ్గర. ఒకటి ఎర్రటి క్రోటన్, ఒకటి తెల్లమచ్చల పెద్దాకుల మొక్క. "నీడ మొక్కలమ్మా ఇయ్యి. ఎండ అక్కర్లేదు. ఇంట్లో ఎక్కడ పెట్టినా పెరుగుతాయి" అన్నాడు. అని బండి తోసుకుని వెళ్ళిపోయాడు. ఆ ఎక్కడ పెట్టినా అన్న మాటకి ఆ తర్వాత మేం పడ్డ పాట్లు ఆయనకేం తెలుసు? చెట్టు కింద నీడకీ, తలుపు వెనక నీడకీ తేడా ఉండదా? చెట్టు కింద కూర్చుని చీర కుట్టుకోవచ్చు. తలుపు వెనక కూర్చుంటే సూది కూడా దొరకదు.

అబ్బాయి పొద్దున్నే షాపుకి వెళ్ళిపోయేవాడు. కోడలు అక్కడే దగ్గర్లో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసేది, టిఫిన్ నోట్లో పెట్టుకుంటూనే ఆటో ఎక్కేది. వెళ్తూ వెళ్తూ "అత్తయ్యా, మొక్కలకి రోజూ ఒక మగ్గు నీళ్ళండీ" అనేది. సరేనని పోసేదాన్ని. చెప్పినట్టే పోసేదాన్ని. నెల తిరిగిందో లేదో మనీప్లాంటు ఆకులు పసుపుపచ్చగా అయ్యాయి. క్రోటన్‌లో ఎరుపు ఎటుపోయిందో, మామూలు పిచ్చి మొక్కలా తయారైంది. తీగ మాత్రం సన్నగా, ఆకుకీ ఆకుకీ జానెడు దూరంతో, తలుపు సందు వైపు మెడ చాపుకుని పోయేది. కళ్ళున్న వాళ్ళెవరికైనా అది బయటికి పోదామని చూస్తోందని తెలియాలి. మా కోడలు ఆకులు చూసి, నీళ్ళు చాలడం లేదంది. రెండు మగ్గులు పొయ్యమంది. రెండు పోశాను. మట్టి కుళ్ళిన వాసన వచ్చింది. చెప్పుల వాసన అనుకున్నారు.

ఉగాదికి వియ్యపురాలు మళ్ళీ వచ్చింది. చెప్పులు విప్పుతూ మొక్క చూసింది. చూసి, ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయింది.

"నీళ్ళెవరు పోస్తున్నారమ్మా?" అని కూతుర్ని అడిగింది.

"అత్తయ్యగారేనమ్మా."

"ఆహా" అంది.

అంతే అంది. ఆ "ఆహా" ఉంది చూశారూ, అది తిట్టు కన్నా అన్యాయం. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఆహా అంటే ఏమంటాం?

మధ్యాహ్నం తల్లీ కూతుళ్ళు వంటింట్లో గారెలు వేస్తున్నారు. నేను నా గదిలో ఉన్నాను. ఫ్లాట్ గోడలు ఎంతలే. "ఇంటికి వచ్చిన మహాలక్ష్మిలాంటి మొక్క అది" అంటోంది ఆవిడ, నూనె చిటపటల మధ్యన. "ముత్తైదువ చేత్తో పొయ్యాల్సింది. ఆవిణ్ణి ఏమీ అనమాక, పెద్దావిడ. నువ్వే పోసుకో. మెల్లిగా నువ్వే అందుకో."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా చెయ్యి సంగతి ఈవిడకేం తెలుసు? మా ఆయన పోయిన ఏడాది కూడా నేను ఊడ్చిన చేను పండింది. నాతో పాటు ఊడ్పుల వరసలో, మునుంలో నిలబడిన ఆడవాళ్ళలో సగం మంది నా లాంటి వాళ్ళే. నారు కట్ట అందించేవాడు ఎవరి చేతికి గాజులున్నాయో చూసి అందించలేదు. వరి ఆ సంగతి పట్టించుకోలేదు. ఆస్పత్రి మెట్ల మీద దొంగిలించుకొచ్చిన తీగ పట్టించుకుంటుందా? లేచి వెళ్ళి అడిగేద్దామనుకున్నాను. కానీ గారెలు కాలుతున్నాయి, పండగ, అబ్బాయి వచ్చే వేళ. ఊరుకున్నాను. ఊరుకోవడమే నా పని అయిపోయింది ఆ ఇంట్లో.

మర్నాడు కోడలు మగ్గు నా చేతిలోంచి తీసుకుంది. మంచి పిల్లే, నవ్వుతూనే తీసుకుంది. "నేను పోసుకుంటాలెండి అత్తయ్యా, మీకెందుకు శ్రమ" అంది. మగ్గు నీళ్ళు పొయ్యడం శ్రమట. అరెకరం ఊడ్చి ఇంటికొచ్చి వంట చేసినదాన్ని. తర్వాత దేవుడి దగ్గర పూలు పెట్టడం తనే చూసుకుంటానంది. వారం పోయాక, ఈసారి ఆవకాయ మా అమ్మ వచ్చి కలుపుతుందట అత్తయ్యా అంది.

మొక్క చస్తే చచ్చింది, నాకేం? కానీ ఆవకాయ దాకా వచ్చాక నాకు భయం పట్టుకుంది. ఇప్పుడు ఆవకాయ, తర్వాత ఇంకోటి. రేపు ఈ పిల్లకి బిడ్డ పుడితే, ఎత్తుకుంటానని చెయ్యి చాస్తే, "మీకెందుకు శ్రమ" అంటే నేనేం చెయ్యాలి? అదీ నా బాధ. ఆ మొక్క పచ్చగా ఉంటే నా చెయ్యి మంచిది, ఎండితే నా చెయ్యి చెడ్డది. నా మర్యాద అంతా తీసుకెళ్ళి ఆ చెప్పుల స్టాండు పక్కన స్టూలు మీద పెట్టారు.

ఎదురు ఫ్లాట్‌లో ఒక టీచరుగారు ఉండేవారు. చర్చికి వెళ్ళే కుటుంబం, మర్యాదస్తులు. వాళ్ళ వరండాలో మొక్కలు ఒకదాని మీద ఒకటి పడి పెరిగేవి. ఒకరోజు తలుపు తీసి ఉంటే ఆవిడ మా మూల చూసి, "దానికి వెలుతురు చాలట్లేదండీ" అన్నారు.

ఆ ముక్క నాకు ముందే అనిపించింది. చదువుకున్న ఆవిడ కూడా అంది కదా అని ధైర్యం వచ్చింది. మా వాళ్ళిద్దరూ పనులకు వెళ్ళాక మూడు కుండీలూ ఒక్కొక్కటే మోసుకుని డాబా మీదికి ఎక్కించాను. చైత్రం వెళ్ళి వైశాఖం వచ్చిన ఎండ. డాబా మీద కాలు పెడితే చుర్రుమంటోంది. వెలుతురంటే ఇదీ అనుకున్నాను. తాగండే కావలసినంత అన్నాను వాటితో. సాయంత్రం దింపుదామని వెళ్ళి చూస్తే, మనీప్లాంటు ఆకులు తెల్లబోయి, మధ్యలో కాల్చిన అప్పడం మచ్చలు. తెల్లమచ్చల మొక్క వేడినీళ్ళలో వేసిన తోటకూరలా వాలిపోయింది. క్రోటన్ ఒక్కటే కాస్త నిలబడింది.

టీచరుగారు మెట్ల మీద ఎదురయ్యారు. కుండీ చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"ఏంటండీ ఇది? ఎక్కడ పెట్టేరండీ?"

"మీరే కదండీ వెలుతురు చాలట్లేదన్నారు."

"వెలుతురన్నానండీ. ఎండన్నానా?"

"రెండూ ఒకటి కాదేంటండీ?"

"అయ్యో" అని ఆవిడ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా ఊళ్ళో వెలుతురు ఎక్కడుందో ఎండ అక్కడే ఉంది. వాటిని విడదీసి చూసే తీరిక ఎవరికుంది? చెప్పేవాళ్ళు ముందే చెప్పొద్దూ, ఎంత దూరం, ఎటువైపు, ఎంతసేపు అని? కూరలో ఉప్పు వెయ్యమంటే ఎంతో చెప్పరూ?

కోడలు ఆఫీసు నుంచి వచ్చి మొక్క చూసింది. నేరుగా గదిలోకి వెళ్ళి తల్లికి ఫోన్ చేసింది. అబ్బాయి వచ్చి, నా వైపు చూసి, భార్య వైపు చూసి, తన తెలివి తను చూపించాడు. ఆగ్నేయం మూల పైన ఇంకో ట్యూబ్‌లైట్ బిగించాడు. "రోజంతా వేసి ఉంచుదాం, అదే సరిపోతుంది" అన్నాడు. ఎండాకాలంలో మా వీధికి కరెంటు ఉండేదే తక్కువ. ఉన్నప్పుడు ఆ లైటు గోడకి సున్నం బాగుందో లేదో చూపించేది. మొక్కకి ఏమీ చెయ్యలేదు.

వియ్యపురాలు మామిడికాయలతో దిగింది. ఆవకాయ కలిపింది. నేను ముక్కలు తుడిచాను, వెల్లుల్లి ఒలిచాను. కలిపేటప్పుడు మాత్రం "మీరు కూర్చోండి వదినగారూ, కారం ఘాటు" అంది. కారం ఘాటు ఆవిడకి లేదా? ఇంతకీ ఆవకాయ బాగానే కుదిరింది. అదొకటి. ఆ ఏడాదంతా అన్నంలో కలుపుకుంటూ, బాగుందని ఒప్పుకుంటూ తినాల్సి వచ్చింది.

ఆ తర్వాతే ఎండలు ముదిరి అబ్బాయి కూలర్ కొన్నాడు. నీళ్ళు పోసే పెద్ద రేకు కూలరు. హాల్లో దానికి సరిపోయే ప్లగ్గు ఒక్కటే ఉంది. ఎక్కడా? ఆగ్నేయం మూలలో. చల్లగాలి దగ్గర వాస్తు ఎవరికీ గుర్తు రాలేదు. స్టూలు తీశారు, కూలరు పెట్టారు. కుండీలు ఎక్కడ పెట్టాలా అని చూసి, "అమ్మ గదిలో పడేద్దాం" అన్నాడు అబ్బాయి. ఎలాగూ చచ్చినవే కదా అని కోడలు సరేనంది. నా మంచం పక్కన, నేను బియ్యం ఏరుకునే చోట పెట్టారు. కిటికీకి కాస్త ఇవతల.

నేను వాటిని ముట్టుకోలేదు. పట్టుదలగానే ముట్టుకోలేదు. ముట్టుకోవద్దన్నారు కదా, నాకెందుకు? మనీప్లాంటుకి తీగా, చివర రెండాకులూ మిగిలాయి. తెల్లమచ్చలది మోడు. కోడలు గుర్తొచ్చినప్పుడు వచ్చి కాసిని నీళ్ళు పోసేది, లేకపోతే లేదు. పొద్దున్నే ఎండ ఏటవాలుగా వచ్చి నా మంచం కోడు మీద పడి కాసేపటికి వెళ్ళిపోయేది. కుండీల మీద పడేది కాదు. ఆ తర్వాత సాయంత్రం దాకా గదిలో మెత్తగా వెలుతురు ఉండేది. నేను అలవాటుగా చేట పట్టుకుని వాటి పక్కన కూర్చునేదాన్ని.

తొలకరి పడ్డాక ఒకరోజు బియ్యం ఏరుతూ చూస్తే, మనీప్లాంటు కణుపు దగ్గర ఆకుపచ్చటి ముల్లులాంటిది కనపడింది. నాలుగు రోజులు పోయాక అది చుట్ట విప్పుకుని ఆకయింది. తర్వాత ఇంకోటి. క్రోటన్ కొసన ఎరుపు తిరిగింది. మోడు అడుగున కూడా చిన్న పిలక వచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు. కోడలే చూసి, ఎగిరి గంతేసి, తల్లికి ఫోన్ చేసింది. ఫోన్లో ఆవిడ గొంతు నా దాకా వినపడింది. "చూశావా! నువ్వు చేత్తో పోశావు కాబట్టే! నే చెప్పలా?"

నేను చేట నేలకేసి కొట్టి లేచిపోయాను. బియ్యం గదంతా చిందాయి. ఏరుకున్నదీ నేనే.

వానలు పడ్డాక కూలరు తుడిచి అటక ఎక్కించారు. మొక్కలు బతికాయి కదా, మళ్ళీ ఆగ్నేయం మూలకి తీసుకెళ్ళారు. ఈసారి బొట్టూ, పూలూ అన్నీ కొత్తగా. "వద్దే అమ్మాయ్, అక్కడ వెలుతురు లేదు" అన్నాను. "అమ్మ చెప్పింది కదండీ అత్తయ్యా, అక్కడే ఉండాలట" అంది. రోజూ తనే నీళ్ళు పోసింది. ముత్తైదువ చెయ్యి, తలంటుకున్న చెయ్యి, గోరింటాకు పెట్టుకున్న చెయ్యి. ఆషాఢం గడిచేసరికి ఆకులు మళ్ళీ పసుపుపచ్చన. ఒకటి రాలింది. రెండోది రాలింది.

నాకు సంతోషం వెయ్యాలి. నిజం చెప్పాలంటే మొదట్లో వేసింది కూడా. కానీ ఒక ఆదివారం మధ్యాహ్నం చూస్తే, ఆ పిల్ల చెప్పుల స్టాండు పక్కన నేల మీద కూర్చుని ఏడుస్తోంది. చేతిలో రాలిన ఆకు.

"ఏంటే?" అన్నాను.

"నా చేతికేమైందండీ అత్తయ్యా?" అంది. "మీ అబ్బాయి రోజూ బండి మీద ఎక్కడెక్కడికో తిరుగుతారు. పంపులు దింపడానికి ఏలూరు నుంచి కైకలూరు దాకా వెళ్తారు. వానాకాలం. ఇది ఇలా ఎండిపోతుంటే నాకు..." అని ఆపేసింది.

అప్పుడు అర్థమైంది నాకు. నా మీద పెట్టిన కత్తి ఇప్పుడు ఆ పిల్ల మెడ మీదికి వచ్చింది. నన్నన్నప్పుడు నాకు కోపం వచ్చింది. దానికి భయం వచ్చింది. మొగుడి ప్రాణం ఒక ఆకుకి కట్టుకుని కూర్చుంది, చదువుకున్న పిల్ల. నాకు దాని మీద జాలీ, తల్లి మీద కోపం, ఆ సిద్ధాంతి మీద ఇంకా కోపం, ఒక్కసారే వచ్చాయి.

"లే" అన్నాను. "లేచి ఆ చేట పట్రా."

"ఎందుకండీ?"

"చెప్పింది చెయ్యవే."

తెచ్చింది. గిద్దెడు బియ్యం పోశాను. "ట్యూబ్‌లైట్ ఆపు. ఇక్కడే కూర్చుని రాళ్ళు ఏరు" అన్నాను. కళ్ళు తుడుచుకుని, ముక్కు చేటలో పెట్టినంత పని చేసింది. వేళ్ళతో తడుముతోంది. తెల్ల రాయి కనపడితే కదా. "కనపడట్లేదండీ అత్తయ్యా, కరెంటు వేసుకోకూడదా?" అంది. చెయ్యి పట్టుకుని నా గదిలోకి లాక్కొచ్చాను. ఇదివరకు మొక్కలున్న చోట కూర్చోబెట్టాను. "ఇప్పుడు ఏరు." వంచిన తల ఎత్తకుండా టకటకా ఏరేసింది. రెండు వడ్లగింజలు, ఒక నల్ల రాయి, ఒక తెల్ల రాయి.

"నీ కంటికే అక్కడ చాలకపోతే దానికేం చాలుతుందే?" అన్నాను. "డాబా మీదకి వెళ్ళి ఏరు, ఎండకి కళ్ళు మూసుకుపోతాయి. అక్కడా కుదరదు. నేనే తగలబెట్టాను కదా, చూశావు. ఇక్కడ కూర్చుంటే ఏరగలం. అది కూడా ఇక్కడైతే బతుకుతుంది. నీ చేతికేం కాలేదు. నా చేతికీ ఏం కాలేదు. నీ మొగుడు శుభ్రంగా ఉన్నాడు, సాయంత్రం వచ్చి పకోడీలడుగుతాడు చూడు."

ఆ పిల్ల ఏరిన బియ్యం డబ్బాలో పోసింది. తర్వాత లేచి వెళ్ళి, స్టూలుతో సహా కుండీ ఎత్తుకొచ్చింది. మిగతా రెండూ కూడా తెచ్చింది. నన్ను అడగలేదు. నా పరుపు చుట్ట అవతలికి జరిపి మరీ పెట్టింది. అదొక బాధ మళ్ళీ నాకు.

దసరాకి వియ్యపురాలు వచ్చింది. చెప్పులు విప్పుతూనే ఖాళీ మూల చూసింది.

"ఏదమ్మా మొక్క? పోయిందా?"

"అత్తయ్యగారి గదిలో ఉందమ్మా."

"అక్కడెందుకు పెట్టేవే? ఆగ్నేయం కాదు కదా అది!"

"అక్కడే ఆకులేస్తోందమ్మా. ఆగ్నేయంలో పెట్టి రెండుసార్లు చూశాను. రెండోసారి పోసింది నేనే. ఇంక అక్కడ పెట్టను."

తల్లికి ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఆవిడ గబగబా నా గదిలోకి వచ్చింది. తీగ కిటికీ ఊచ పట్టుకుని పైకి పాకుతోంది. అరచేతులంత ఆకులు. ఆవిడ నా మంచం మీద కూలబడి, ఆకు ఒకటి తిరగేసి చూసి, ఆఖరికి నా మొహం చూసి, "అయితే వదినగారి చెయ్యే కలిసొచ్చిందన్నమాట" అంది. మెచ్చుకున్నాననుకుంది. కోడలు కూడా నా వైపు చూసి నవ్వింది, అమ్మయ్య అన్నట్టు.

మళ్ళీ చెయ్యే! నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎండినప్పుడూ నా చెయ్యే, పచ్చబడ్డప్పుడూ నా చెయ్యే. ఈ ఇద్దరి మధ్యలో అంత పెద్ద కిటికీ తెరుచుకుని ఉంది, దాని పేరెత్తరు. ఈ మెప్పు నేను ఒప్పుకున్నానా, రేపు చీడపట్టి ఒక ఆకు రాలితే మళ్ళీ నా పీకకే చుట్టుకుంటుంది. నాకొద్దు.

"నా చెయ్యీ కాదు, మీ అమ్మాయి చెయ్యీ కాదండీ వదినగారూ" అన్నాను. "కిటికీ. అదుగో. ఎవరు పోసినా బతుకుతుంది. ఎవరు పోసినా ఆ తలుపు వెనక చస్తుంది. మీకు నమ్మకం లేకపోతే ఇవాళ మీరే పొయ్యండి."

"నేనా?"

"మీరేనండీ. ఉన్నన్నాళ్ళూ మీరే పొయ్యండి. నేను ముట్టుకోను, మీ అమ్మాయి ముట్టుకోదు. వచ్చే ఎండాకాలం ఆవకాయ మాత్రం నేను కలుపుతాను. బాగోకపోతే ఉప్పు తక్కువైందని తిట్టండి, పడతాను. చెయ్యి మాట మాత్రం ఈ ఇంట్లో ఇంకెత్తకండి."

ఆవిడ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయింది. కోడలు బాత్రూంలోంచి మగ్గు నింపుకుని వచ్చి తల్లి చేతికిచ్చింది. ఆవిడ ఒంగుని పోసింది.

మొత్తం మగ్గు పోసేసింది. అంత ఎవరు పొయ్యమన్నారు? కుండీ అడుగునుంచి నీళ్ళు కారి నా మంచం కిందికి, బియ్యం డబ్బా కిందికి పోయాయి. "అయ్యయ్యో, ఎక్కువైందా అండీ?" అంటూ చీర కుచ్చెళ్ళు ఎత్తుకుని ఒక పక్కకి జరిగింది. "కొంచెం చాలండీ, రోజూ అక్కర్లేదు, మట్టి ఆరాక పొయ్యాలి" అని నేను చెబుతూనే ఉన్నాను. వినే మనిషా? అప్పటికే రెండో కుండీ వైపు తిరిగింది, ఖాళీ మగ్గు కూతురికి చాపుతూ. నేను మంచం ఇవతలికి లాగి, పాత చీరముక్క తెచ్చి తుడవడం మొదలుపెట్టాను.